నమ్మకం నాడి పడితే

అనంతపురం జిల్లా కణేకల్ చుట్టుపక్కల ఎండన పడి శెనక్కాయ చేలో కలుపు తీసి ఇంటికొచ్చిన మనిషి చొక్కాను దగ్గరగా చూడండి. వీపు మీద, చంకల కింద తెల్లటి చారలు వంకర తిరిగి ఉంటాయి. చెమట ఆరిన ప్రతిసారీ ఒక చార, దాని వెలుపల ఇంకో చార. గోటితో గీకితే పొడి రాలుతుంది. అది ఉప్పు. పొద్దుటి నుంచి ఆ మనిషి ఒంట్లోంచి పోయిన ఉప్పు. ఇంట్లో అతని కోసం చెంబెడు మజ్జిగ ఉంటుంది. అందులో రెండు కల్లుప్పు రాళ్ళు పడతాయి. ఎండన పడి వచ్చినవాడి మజ్జిగలో ఉప్పు వెయ్యమని ఈ ఊళ్ళలో ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు.

అదే ఇంట్లో టీవీలోనో ఫోన్‌లోనో ఇంకో మాట వినిపిస్తుంది. ఉప్పు విషం, పూర్తిగా మానండి, రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్ళు తాగండి, ఏ రోగమైనా దానంతటదే పోతుంది అని. చెప్పేది ప్రకృతి వైద్యుడు. ఆయన మోసగాడు కాడు. ప్రకృతి వైద్యుల్లో చాలామంది తాము చెప్పినదాన్ని తమ ఇంట్లో పాటించేవాళ్ళు, రోగి పక్కన గంటసేపు ఓపిగ్గా కూర్చునేవాళ్ళు. అందుకే వాళ్ళ మాటకు అంత బలం. ఆ నమ్మకం ఎక్కడ పుట్టింది, చదువులోకి ఎలా చేరింది, రోగి మంచం పక్కన ఏది చూపిస్తుంది, ఏది కనపడకుండా చేస్తుంది అన్నవి తెలుసుకోవలసిన సంగతులు. ఎందుకంటే వైద్యుడి నమ్మకానికి మూల్యం చెల్లించేది రోగి ఒళ్ళు.

లైప్‌జిగ్ నుంచి తెలుగులోకి

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుక్కున్నానని ప్రకటించాడు. ఒక్కో రోగానికి ఒక్కో క్రిమి ఉండవచ్చన్న ఆలోచనకు అది పెద్ద విజయం. మరుసటి ఏడాది, 1883లో, అదే జర్మనీలోని లైప్‌జిగ్‌లో లూయీ కూనే తన చికిత్సాలయం తెరిచాడు. ఆయనకు వైద్య పట్టా లేదు. ఆయన సిద్ధాంతం కాక్ సిద్ధాంతానికి సరిగ్గా ఎదురు. రోగాలు వేరు వేరు కావు, అన్నీ ఒకటే. తప్పుడు తిండి వల్ల పొట్టలో మలిన పదార్థం పోగుపడుతుంది, పులిసి పైకి ఎగబాకుతుంది, ఏ అవయవంలో చేరితే ఆ రోగంగా బయటపడుతుంది. ముఖం, మెడ చూస్తే ఆ మలినం ఎక్కడుందో చెప్పొచ్చు. మందు ఒకటే: మలినాన్ని బయటికి పంపడం. అందుకు తొట్టి స్నానం, ఆవిరి స్నానం, సాదా తిండి.

ఈ సిద్ధాంతం మీద కూనే రాసిన పుస్తకం భారతీయ భాషల్లోకి మొదట వచ్చింది తెలుగులోనే. 1894లో ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ దాన్ని అనువదించారు. దేశంలో ప్రకృతి చికిత్సా ఉద్యమం చరిత్ర రాసేవాళ్ళు మొదటి పేజీలో రాసేది ఈ సంగతే. హిందీ, ఉర్దూ అనువాదాలు వచ్చింది ఆ తర్వాత పదేళ్ళకు.

మన నేల ఆ విత్తనానికి ముందే దున్ని ఉంది. లంఖణం పరమౌషధం అన్న మాట మన నోట నానినదే. ఒక్కపొద్దులు, పథ్యాలు, పురుడు కట్టుబాట్లు ఇంటింటా ఉన్నవే. పైగా తొట్టి, నీళ్ళు, మట్టి ఏ పల్లెలోనైనా దొరుకుతాయి. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని మరిచిపోతే కూనేకు అన్యాయం చేసినట్టే. అప్పటికి ఇంగ్లీషు వైద్యం చేతిలో పనిచేసే మందులు చాలా తక్కువ. ఇన్సులిన్ మనిషికి అందింది 1922లో. పెన్సిలిన్ బయటపడింది 1928లో. 19వ శతాబ్దంలో డాక్టర్లు ఇచ్చిన పాదరసం మందుల కంటే, విశ్రాంతి ఇచ్చి, నీళ్ళు తాగించి, పల్చటి ఆహారం పెట్టడం చాలాసార్లు మేలే చేసి ఉంటుంది. ఆ నమ్మకం పుట్టిన రోజున దానికి కారణం ఉంది. కాలం మారాక దాన్ని మళ్ళీ పరీక్షకు పెట్టారా అన్నదే అసలు ప్రశ్న.

గాంధీజీ ఈ దారిలో నడిచి దీనికి దేశమంత గౌరవం తెచ్చారు. ఆయన కూనేను చదివారు, మట్టి చికిత్స ప్రచారం చేసిన అడాల్ఫ్ జుస్ట్‌ను చదివారు. పదేళ్ళ కొడుకు మణిలాల్‌కు టైఫాయిడ్ వస్తే డాక్టరు చెప్పిన గుడ్లు, కోడి రసం వద్దని, తడిగుడ్డ చుట్టి, తొట్టి స్నానాలు చేయించి, నారింజ రసం పట్టించి కాపాడుకున్నారు. దక్షిణాఫ్రికాలో కస్తూర్బా జబ్బుపడినప్పుడు ఆమె చేత ఉప్పు, పప్పులు మానిపించాలని తాను కూడా మానేశారు. 1946లో పుణె దగ్గర ఉరుళీ కాంచన్‌లో ప్రకృతి చికిత్సా ఆశ్రమం మొదలుపెట్టినప్పుడు రామనామమే అన్నిటికన్నా పెద్ద ప్రకృతి వైద్యం అన్నారు. ఇవాళ మనం వినే ఉప్పులేని కూడు ఒక్కరోజులో పుట్టింది కాదు. విజయవాడ దగ్గర కృష్ణ ఒడ్డున మంతెన సత్యనారాయణరాజు ఆరోగ్యాలయంలో ఉప్పూ నూనే లేని వంట వడ్డించడం వెనక ఈ నూరేళ్ళ దారి ఉంది.

బేగంపేటలో రెండు దారులు

హైదరాబాదులో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కితే బేగంపేట పక్కనే ఒక స్టేషన్ పేరు నేచర్ క్యూర్ హాస్పిటల్. 1949లో డాక్టర్ బి. వెంకటరావు మొదలుపెట్టిన ప్రకృతి చికిత్సాలయం వల్ల వచ్చిన పేరు అది. అక్కడే గాంధీ పేరు మీద ప్రకృతి వైద్య కళాశాల కూడా ఏర్పడింది. అక్కడికి కొద్ది దూరంలో, అదే బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. కూనే పుస్తకం తెలుగులోకి వచ్చిన మూడేళ్ళకే జరిగిన సంగతి ఇది. రోగానికి కారణం ఒంట్లోని మలినమా, బయటి నుంచి వచ్చిన జీవా అన్న వాదానికి రెండు వైపులా ఒకే ఊళ్ళో గుర్తులున్నాయి.

ఈ రెండూ ఇవాళ ఒకే విద్యార్థి పుస్తకాల సంచిలో ఉంటాయి. ప్రకృతి వైద్యంలో పట్టా పేరు బి.ఎన్.వై.ఎస్. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళు. శరీర నిర్మాణం, జీవరసాయనం, రోగనిర్ధారణ, సూక్ష్మజీవశాస్త్రం చదువుతారు. వాటి పక్కనే ప్రకృతి చికిత్స తత్వశాస్త్రం, ఉపవాస చికిత్స, మట్టి చికిత్స, నీటి చికిత్స చదువుతారు. ఆ తత్వశాస్త్రంలో మూలసూత్రాలు ఇలా ఉంటాయి: అన్ని రోగాలూ ఒకటే, వాటి కారణం ఒకటే, చికిత్స ఒకటే. రోగానికి మూలకారణం సూక్ష్మజీవి కాదు, మలినం పోగుపడ్డాకే అది చేరుతుంది. జ్వరం, జలుబు, విరేచనాల్లాంటి తీవ్రవ్యాధులు శత్రువులు కావు, మిత్రులు. మందు రోగాన్ని అణిచిపెడుతుందే తప్ప నయం చెయ్యదు. ప్రకృతే పెద్ద వైద్యుడు.

పొద్దున సూక్ష్మదర్శిని కింద మలేరియా పరాన్నజీవిని చూసి బొమ్మ గీసిన విద్యార్థి మధ్యాహ్నం తరగతిలో సూక్ష్మజీవి మూలకారణం కాదని రాసుకుంటుంది. రెండూ పరీక్షలో మార్కులు తెచ్చేవే. ఈ రెండింటిలో ఒకటే నిజమైతే ఏది అని అడిగే తరగతి లేకపోతే ఆమె ఆ ప్రశ్నను తనతోనే ఆసుపత్రికి మోసుకుపోతుంది. అక్కడ గురువుగారు ఏం చేస్తారో చూసి నేర్చుకుంటుంది. నమ్మకం పాఠంగా కంటే అలవాటుగా వేగంగా అంటుకుంటుంది.

దీనికి కొలిచిన ఉదాహరణ కెనడాలో ఉంది. అక్కడి ప్రకృతి వైద్య విద్యార్థులను పిల్లల టీకాల గురించి అడిగిన సర్వే 2004లో అచ్చయింది. జవాబిచ్చిన 312 మందిలో టీకాలన్నీ వేయించమని చెబుతామన్నది 40 మందే. ఎక్కువమంది కొన్ని వేయిస్తే చాలన్నారు. మనల్ని ఆపి ఆలోచింపజేసేది దాని తర్వాతి వాక్యం. మొదటి ఏడాది విద్యార్థుల కంటే చివరి ఏళ్ళ విద్యార్థుల్లో టీకాల మీద, ప్రజారోగ్య వ్యవస్థ మీద నమ్మకం ఇంకా తక్కువ. చదువు సాగేకొద్దీ అనుమానం తగ్గాల్సింది పోయి పెరిగింది. మన కళాశాలల మీద ఆ లెక్కను అంటగట్టకూడదు. కానీ చదువు నమ్మకాన్ని సరిదిద్దకపోగా గట్టిపరచనూ గలదని అది చూపించింది.

ఇంకో చిక్కు ఉంది. 2020లో వచ్చిన భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్ చట్టం ఆయుర్వేదం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పాలకు వర్తిస్తుంది. ప్రకృతి వైద్యానికి వర్తించదు. దాంతో అయిదున్నరేళ్ళు చదివినవారూ, ఆశ్రమంలో కొన్నాళ్ళు ఉండి నేర్చుకున్నవారూ, పుస్తకాలు చదివి బోర్డు కట్టుకున్నవారూ జనం కళ్ళకు ఒకేలా కనిపిస్తారు. వాళ్ళందరినీ కలిపేది పట్టా కాదు, ఆ మూలసూత్రాలే.

తగ్గినా గెలుపే, పెరిగినా గెలుపే

ఆ సూత్రాల్లో ఒకటి మిగతావాటన్నిటికీ కాపలా కాస్తుంది. దాన్ని వాళ్ళు హీలింగ్ క్రైసిస్ అంటారు. అమెరికాలో హెన్రీ లిండ్లార్ 1913లో తెచ్చిన పుస్తకంతో ఇది బాగా వ్యాపించింది. చికిత్స మొదలయ్యాక జ్వరమో, వాంతులో, దద్దుర్లో, నీరసమో వస్తే భయపడొద్దు, లోపలి విషం బయటికి పోతోంది, రోగం తిరగబడి పోతోంది అని అర్థం చేసుకోమంటుంది ఈ సూత్రం.

దీనిలోని ప్రమాదం నెమ్మదిగా చూస్తేగాని తెలియదు. రోగి కోలుకుంటే వైద్యం పనిచేసింది. రోగికి ఎక్కువైతే కూడా వైద్యం పనిచేస్తున్నట్టే. ఇక వైద్యం పనిచెయ్యడం లేదని చెప్పగలిగే సూచన ఏది? ఏదీ లేదు. మన రైతు కొత్త విత్తనం వేస్తే పక్కన పాత విత్తనం ఒక మడి వేసి పోల్చుకుంటాడు. మొలక రాకపోతే, భూమి లోపల వేరు బలపడుతోందిలే అనుకుని పంటకాలమంతా కూర్చోడు. తప్పును తప్పుగా చూపించే గుర్తు లేని చోట ఎంత అనుభవం ఉన్న వైద్యుడైనా కొత్తగా ఏమీ నేర్చుకోలేడు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఒకే ఏడాది ముప్ఫైసార్లు అవుతుంది.

మలేరియాను తీసుకోండి. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు, చెరువు, కింద వరిమళ్ళు ఉన్న కణేకల్‌కు దోమ కొత్త కాదు. వైవాక్స్ రకం మలేరియాలో పరాన్నజీవి ఎర్రరక్తకణాల్లో పెరిగి, దాదాపు 48 గంటలకు ఒకసారి వాటిని పగలగొట్టి బయటికి వస్తుంది. అప్పుడు చలి, వణుకు, జ్వరం. మర్నాడు జ్వరం ఉండదు. మొదటి రోజు లంఖణం పెట్టి తడిగుడ్డ వేస్తే రెండో రోజుకు ఒళ్ళు చల్లబడుతుంది. చికిత్స ఫలించింది అనుకుంటారు. మూడో రోజు మళ్ళీ వణుకు. మిగిలిన విషం పోతోంది అనుకుంటారు. జ్వరాన్ని తగ్గించింది లంఖణం కాదు, పరాన్నజీవి గడియారం. ఆశా కార్యకర్త వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చూస్తే అరగంట లోపే సంగతి తేలుతుంది. డెంగీది ఇంకా మోసం. కొందరిలో ప్రమాదం మొదలయ్యేది జ్వరం తగ్గిన రోజునే. రక్తనాళాల్లోంచి ద్రవం కారి బీపీ పడిపోయే గంటలవి. తగ్గిందని ఊపిరి పీల్చుకునే వేళ ఆసుపత్రికి పరుగెత్తాల్సిన వేళ అవుతుంది.

చక్కెర జబ్బులో ఇంకో ఉచ్చు. ఆరోగ్యవంతుడు ఉపవాసం చేస్తే ఒళ్ళు కొవ్వును కరిగించుకుంటుంది, ఊపిరిలో మగ్గిన పండు వాసన వస్తుంది. ఇది సహజం. టైప్ 1 చక్కెర జబ్బున్న బిడ్డకు ఇన్సులిన్ ఆపితే కూడా అదే వాసన వస్తుంది. వాంతులు, ఆయాసం తోడవుతాయి. అక్కడ రక్తం ఆమ్లంగా మారుతోంది, గంటల్లో ప్రాణం పోవచ్చు. వాసన ఒకటే, అర్థాలు రెండు. ముక్కు చెప్పలేనిది రక్తపరీక్ష చెబుతుంది. ఇన్సులిన్ రాకముందు ఈ పిల్లలకు అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ కఠిన ఉపవాసమే పెట్టేవాడు. కొన్ని నెలలో, ఏడాదో ఆయుష్షు పెరిగేది, అంతే. ఉపవాసం తన శక్తి ఎంతో అప్పుడే చూపించేసింది.

ఒకే రోగమా, ఒకే బోరా?

అన్ని రోగాలకూ కారణం తప్పుడు తిండే అన్న సూత్రాన్ని అనంతపురం జిల్లా నీళ్ళే కాదంటాయి. ఇక్కడ చాలా ఊళ్ళలో లోతు బోర్లలోని నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉంటుంది. వాన తక్కువ, రాతి పొరల్లో నీరు ఏళ్ళ తరబడి నిలిచి ఆ రాతిలోని ఫ్లోరైడును కరిగించుకుంటుంది. దాన్ని తాగిన పిల్లల పళ్ళు గారపడతాయి, పెద్దల నడుములు బిగుసుకుంటాయి. వాళ్ళు తినేది జొన్నరొట్టె, రాగిసంగటి, కొర్రన్నం. ప్రకృతి వైద్యులు మెచ్చుకునే తిండే. తప్పు తిండిలో లేదు, బోరులో ఉంది.

ఇప్పుడు నీళ్ళు ఎక్కువ తాగమన్న సలహాను ఇక్కడ పెట్టి చూడండి. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడున్న నీళ్ళు రోజుకు 2 లీటర్లు తాగితే ఒంట్లోకి పోయేది 6 మిల్లీగ్రాములు. 5 లీటర్లు తాగితే 15. మలినాన్ని కడిగేస్తాయనుకున్న నీళ్ళే మలినాన్ని మోసుకొస్తాయి. ఈ జిల్లాలో 1995, 96 సంవత్సరాల్లో వందలాది పల్లెలకు వచ్చిన శ్రీ సత్యసాయి తాగునీటి పథకం ఇక్కడి ఒళ్ళకు చేసిన వైద్యం ఏ ఎనిమా చెయ్యలేనిది.

ఉప్పు దగ్గరికి వద్దాం. ఇక్కడ ప్రకృతి వైద్యుల మాటలో సగం గట్టి నిజం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. మనం తినేది అంతకు చాలా ఎక్కువ. అమెజాన్ అడవుల్లోని యానొమామి జాతివాళ్ళు దాదాపు ఉప్పే ఎరుగరు. వయసు మీద పడినా వాళ్ళకు బీపీ పెరగదని 1988లో అచ్చయిన పెద్ద అధ్యయనం చూపింది. నీడపట్టున కూర్చుని ఊరగాయలు తినే బీపీ మనిషికి ఉప్పు తగ్గించమనడం మంచి వైద్యం.

కానీ ఒక లీటరు చెమటలో సుమారు 1 నుంచి 3 గ్రాముల ఉప్పు ఉంటుంది. మిట్టమధ్యాహ్నం పనిచేసేవాడికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పోతుంది. మూత్రపిండాలు, చెమట గ్రంథులు కొన్నాళ్ళకు ఉప్పును పొదుపు చెయ్యడం నేర్చుకుంటాయి, నిజమే. కానీ ఉప్పు ఒక్కసారిగా మానేసి, లీటర్ల కొద్దీ ఉత్త నీళ్ళు తాగి, బీపీకి మూత్రం ఎక్కువచేసే మాత్ర కూడా వేసుకునే కూలీకి ఆ పొదుపు చాలదు. రక్తంలో సోడియం పలచబడుతుంది. కండరాలు పట్టేస్తాయి, తల తిరుగుతుంది, మాట తడబడుతుంది, ముదిరితే ఫిట్స్ వస్తాయి. దాన్నీ హీలింగ్ క్రైసిస్ అనుకునే ప్రమాదం ఉంది. చొక్కా మీది తెల్లచారను చూడగల వైద్యుడు ఆ సలహాను మార్చుకుంటాడు. అన్ని ఒళ్ళూ ఒకటే అని నమ్మినవాడికి ఆ చార కనపడదు.

మట్టిపట్టీ నేర్పే పాఠం

నాకు ప్రకృతి వైద్యం మీద గౌరవం ఉంది. అది రోగిని మనిషిగా చూస్తుంది, వంటింటిని అడుగుతుంది, నిద్రను అడుగుతుంది. అయిదు నిమిషాల్లో చీటీ రాసి పంపే వైద్యం అవి మరిచిపోయింది.

మట్టిపట్టీ కట్టడం చూడండి. మూడు నాలుగడుగుల లోతు నుంచి ఎరువూ మందూ తగలని మట్టి తీస్తారు. ఎండబెట్టి, జల్లెడ పట్టి, రాత్రంతా నానబెట్టి, పలుచటి గుడ్డలో అరచెయ్యి మందాన పరిచి పొట్ట మీద వేస్తారు. అరగంట ఉంచుతారు. ఒళ్ళు హాయిగా ఉంటుంది. ఎందుకు? మట్టి రేణువుల మధ్య పట్టి ఉన్న నీరు మెల్లమెల్లగా ఆవిరవుతూ చర్మం నుంచి వేడి లాక్కుంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. మన మట్టికుండలో నీళ్ళు చల్లబడేది ఈ లెక్కతోనే. మట్టి విషాన్ని పీలుస్తుందన్న నమ్మకం అవసరం లేకుండానే ఆ హాయి నిజం. నమ్మకం తీసేసినా నిలిచే చికిత్స ఇది.

ఉపవాసానికీ అలాంటి గౌరవమే దక్కింది, పరీక్షకు నిలబడ్డాక. 2017లో బ్రిటన్‌లో వెలువడిన డైరెక్ట్ అనే ప్రయోగంలో టైప్ 2 చక్కెర జబ్బు వచ్చి ఆరేళ్ళు దాటనివారికి కొన్ని నెలలపాటు రోజుకు సుమారు 850 కిలోకేలరీల ఆహారమే ఇచ్చారు. ఏడాదికి నూటికి 46 మంది మందుల్లేకుండా చక్కెర అదుపులో పెట్టుకున్నారు. మామూలు చికిత్సలో ఉన్నవారిలో అలాంటివారు నూటికి నలుగురే. తిండే మందు అన్న సూత్రం ఈ జబ్బులో గెలిచింది. గెలిచిందని తెలిసింది ఎలా? పక్కన పోల్చే మడి ఉంది కాబట్టి. మాత్రలు ఆపింది డాక్టర్లే, రక్తం పరీక్షిస్తూ. క్యాన్సర్‌లో లెక్క తిరగబడింది. నయమయ్యే దశలోనే మామూలు వైద్యం వదిలి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని అమెరికాలో పరిశీలించి 2018లో ప్రకటించిన ఫలితం ఇది: చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. ఒకే సూత్రం ఒక జబ్బులో ప్రాణం పోస్తుంది, ఇంకో జబ్బులో తీస్తుంది. రోగాలన్నీ ఒకటి కావని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఈ తేడాను ఒప్పుకునే మనసు గాంధీజీకి ఉంది. మణిలాల్ బతికింది దేవుడి దయవల్లో, నీటి చికిత్సవల్లో, పథ్యంవల్లో, సేవవల్లో ఎవరు చెప్పగలరని ఆయనే తన ఆత్మకథలో సందేహం వెలిబుచ్చారు. 1924 జనవరిలో తనకు అపెండిసైటిస్ వచ్చినప్పుడు పుణె ససూన్ ఆసుపత్రిలో ఇంగ్లీషు సర్జన్ కత్తికి ఒప్పుకున్నారు. నమ్మకం ఆయనకు ఊతకర్ర, కళ్ళకు గంత కాదు.

ప్రకృతి వైద్యం చదువుకునే పిల్లలకూ, చెప్పే గురువులకూ నా విన్నపం ఒక్కటే. ఆహారం, విశ్రాంతి, నీళ్ళు, నడక, ఓపిక ఉంచుకోండి. హీలింగ్ క్రైసిస్ అన్న మాటను పాఠాల్లోంచి తీసెయ్యండి, రోగికి ఎక్కువైన ప్రతిసారీ పరీక్షకు పంపండి. పాఠకులారా, జ్వరం రెండు రోజులు దాటితే రక్తం చూపించుకోండి. కణేకల్‌లో ఆర్.డి.టి. స్వచ్ఛంద సంస్థ కట్టిన ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంది, బళ్ళారి దగ్గరే. ఇన్సులిన్‌ను ఎవరు చెప్పినా సొంతంగా ఆపకండి. నీళ్ళు ఎక్కువ తాగేముందు బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. ఏ వైద్యుడి దగ్గరికి వెళ్ళినా, అది ప్రకృతి వైద్యమైనా ఇంగ్లీషు వైద్యమైనా, మొదటి రోజే ఈ ప్రశ్న అడగండి: ఎన్ని రోజుల్లో ఏం జరగకపోతే ఈ చికిత్స నాకు పనిచెయ్యలేదని మీరు ఒప్పుకుంటారు? తేదీతో సహా జవాబు చెప్పగలిగిన వైద్యుడి దగ్గరే ఉండండి.